మోహనలో మంచినీళ్లు

గోదావరిఖని,
18 జనవరి 1971

అన్నా,

నీ కార్డు అంది చాలా రోజులైంది. ఏం రాయాలో తెలియక ఊరుకున్నాను. నువ్వూ వదినా బాగున్నారన్న ముక్క వరకు చదివి, మిగతాది తరువాత చదువుదామని గూట్లో పెట్టాను. ఆ తరువాత అన్నది ఈ ఇంట్లో ఎప్పుడొస్తుందో తెలియదు. కోపం తెచ్చుకోకు.

మీ బావ దవాఖాన నుంచి వచ్చి మూడు నెలలు కావస్తోంది. తల మీద కుట్లు మానాయి, వెంట్రుకలు కూడా మొలిచాయి. చూడవచ్చినవాళ్లంతా "సదయ్య మంచిగనే ఉన్నడు గద" అంటారు. నోరు తెరిస్తే గాని తెలియదు. బొగ్గు బాయిలో ఆ పెళ్ల ఊడి తల మీద పడిన రోజు, ఆయన మాటలు కూడా అక్కడే ఎక్కడో పడిపోయాయి. చెంబు కావాలన్నా "అది", చెప్పులు కావాలన్నా "అది". నేనూ "అది"నే, బిడ్డ సులోచనా "అది"నే. మనం చెప్పింది అర్థమవుతుంది, తాను చెప్పలేడు. పొద్దున తిన్నాడో లేదో మధ్యాహ్నానికి గుర్తుండదు. మాట కోసం వెతికి వెతికి, దొరక్క, అరచేత్తో నుదురు కొట్టుకుంటాడు. నేను ఆ చెయ్యి పట్టుకుంటాను. రోజంతా ఇదే పని.

పోయిన వారం నేను రేషన్ షాపుకు పోయిన సందులో పొయ్యి మీద గిన్నె పెట్టాడు. ఇంతలో బాయి షిఫ్టు సైరన్ మోగింది. గిన్నె వదిలేసి, చెప్పులేసుకుని, డ్యూటీకి పోతున్నట్టు బాయి గేటు దాకా పోయాడు. గిన్నె మాడి, పక్కనున్న మసిగుడ్డ అంటుకుంది. పక్క క్వార్టర్ రబియా బీ "అనసూర్యమ్మా, జల్ది రా! ఇంట్ల పొగ నిండింది!" అని అరుస్తూనే తానే గోడ దూకి నీళ్లు పోసింది. ఆ వయసులో గోడ దూకింది పాపం.

అసలు సంగతి ఇది. ఎండాకాలంలో డాక్టర్లు చూసి, ఇక పనికి పనికిరాడని తేలిస్తే, ఆ నౌకరీ ఇంట్లో ఒకరికి ఇస్తారట. కొడుకులు లేరు కనుక నాకు దవాఖానలో ఆయా పని వస్తుందని యూనియన్ గట్టయ్య చెప్పాడు. రావాలనే కోరుకుంటున్నాను. వస్తే ఈయనను ఎవరు చూస్తారు? కమాన్‌పూర్ నుంచి ఈయన అన్న పోశం బావ వచ్చి, మంచంలో కూచుని తీర్పు చెప్పాడు. "ఆడపిల్లకు ఎనిమిదో తరగతి బహుత్ అయింది. బడి మాన్పియ్యి. తండ్రిని అరుసుకుంట ఇంట్ల ఉంటది. లేకుంటే తమ్మున్ని నేను తీస్కపోత." తీసుకుపోతే కొట్టం పక్కన కూచోబెట్టి మరిచిపోతారు, నాకు తెలుసు. సులోచన తలుపు చాటున నిలబడి అంతా విన్నది. ఆ పూట అన్నం తినలేదు.

ఇంకొకటి రాయాలి. నిన్న సాయంత్రం రబియా బీ పెనిమిటి ముష్తాక్ రేడియో పెట్టాడు. ఎవరిదో సన్నాయి కచేరీ. ఈయన లేచి వాకిట్లోకి పోయి, బోర్లించిన బకెట్ ముందు కూచున్నాడు. దాని మీద తాళం వేశాడు. ఒక్క దెబ్బ తప్పలేదు. "భాభీ, ఇటు చూడు, సదయ్య భాయికి అంతా యాదికున్నది!" అని ముష్తాక్ పిలిస్తే పోయి చూశాను. అప్పుడు నోరు తెరిచి స్వరాలు పాడాడు అన్నా. సరిగమలు, స్పష్టంగా. చెంబు అనలేని మనిషి. బాయిలో చేరినప్పటి నుంచి డోలు ముట్టనివాడు.

సంతోషపడాలో వద్దో తెలియలేదు. నాకు సన్నాయి అంటే చిన్నప్పటి నుంచీ విసుగు, నీకు తెలుసు. బాపు సన్నాయి ఊదేవాడు, అవ్వ మండని పొయ్యి ఊదేది. ఇది బాగుపడే గుర్తా, లేక ఉత్తి అలవాటా? నీకు తెలిసినవాళ్లను అడిగి రాయి.

సైరన్ మోగుతోంది. చెప్పులు వెతుక్కుంటున్నాడు. పోయి ఆపాలి.

నీ చెల్లె
అనసూర్య


హైదరాబాదు,
27 జనవరి 1971

చెల్లె అనసూర్యకు,

నీ ఉత్తరం గుడిలో పొద్దుటి సేవ అయిపోయాక, సన్నాయి ఇంకా సంచిలో పెట్టకముందే చదివాను. చదివి ఇంటికి పోవడం మరిచిపోయాను. పూజారి వచ్చి "ఏమైంది లింగమూర్తీ, ఎవరన్నా పోయారా" అని అడిగాడు. లేదు, ఎవరో తిరిగి వస్తున్నట్టుంది అన్నాను.

నేను సాయంత్రాలు పిల్లలకు చెప్పే సంగీతం బడిలో ఒక డాక్టరుగారి బిడ్డ వయొలిన్ నేర్చుకుంటోంది. ఆయనను గేటు దగ్గర ఆపి అడిగాను. ఆయన తొందరలో ఉండి కూడా ఆగి విన్నాడు. "మాట పోయినోళ్లు పాట పాడుడు నేను చూసిన. ఎందుకో ఎవ్వరం గట్టిగ చెప్పలేం. మాట ఉండే జాగ వేరు, పాట ఉండే జాగ వేరేమో. మందు అని మాత్రం అనుకోవద్దు. చేసి చూడున్రి" అన్నాడు. ఎట్లా చెయ్యాలో కూడా చెప్పాడు. రోజూ అవసరమయ్యే మాటను బాణీలో పెట్టాలి. ముందు నువ్వు పాడాలి, తరువాత ఇద్దరూ కలిసి పాడాలి, ఆ తరువాత నువ్వు మధ్యలో ఆగాలి. మిగిలింది ఆయన అందుకోవాలి.

మోహన రాగంతో మొదలుపెట్టు. బావకు బాపు మొదట వినిపించినది అదే. "మంచినీళ్లు" అన్నదాన్ని గ ప గ రి మీద, "కావాలె" అన్నదాన్ని స రి గ మీద పెట్టు. నాకు పాడరాదు అని రాయకు. ఆడపిల్లవని బాపు నిన్ను కూచోబెట్టి నేర్పలేదు గాని, గోడ అవతల నుంచి నువ్వు వినని రాగం లేదు. నేను తప్పు ఊదితే వంటింట్లో గిన్నె చప్పుడు చేసేదానివి.

బావ మన ఇంటికి డోలు నేర్చుకోవడానికి వచ్చిన కొత్తల్లో, బాపు ఏడాది పాటు డోలు ముట్టనివ్వలేదు. "ముందు ఇను. ఇనంగ ఇనంగ అదే చేతులకొస్తది" అనేవాడు. నేను ఏడ్చేవాణ్ని, బావ నవ్వుతూ వినేవాడు. అంత విన్నది ఎక్కడికి పోతుంది?

ఇక్కడ మా సంగతి మామూలే. పెళ్లిళ్లకు ఇప్పుడు బ్యాండు పార్టీలే. మమ్మల్ని పిలిచినా తాళి కట్టేదాకా ఎవరూ వినరు, కట్టాక భోజనాలకు లేస్తారు. ముందు పన్ను ఒకటి కదులుతోంది. సన్నాయివాడికి పన్ను కదలడం అంటే ఏమిటో నీకు చెప్పనక్కరలేదు. వదిన లవంగం పెడుతోంది.

సులోచనను బడి మాన్పించకు. ఇది నా మాట.

ఎదురు చూసే అన్న
లింగమూర్తి


గోదావరిఖని,
3 మార్చి 1971

అన్నా,

ఆలస్యానికి కారణాలు రాయను. రాస్తే అదే ఒక ఉత్తరం అవుతుంది.

నువ్వు చెప్పినట్టే చేశాను. మొదట సిగ్గేసింది. మొగుడి ముందు కూచుని "మంచినీళ్లు కావాలె" అని రాగం తీయడం ఏమిటి? ఈయన నా ముఖం చూసి నవ్వాడు. దెబ్బ తగిలాక నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు కోసం మరునాడు కూడా పాడాను. కలిసి పాడేవాడు గాని, నేను ఆగితే తానూ ఆగిపోయేవాడు. గుడ్లప్పగించి చూసేవాడు. పది పన్నెండు రోజులకు నాకు ఓపిక పోయింది. వదిలేశాను.

వదిలేసిన రెండు రోజులకు మధ్యాహ్నం నేను బియ్యం ఏరుతుంటే, వాకిట్లో నుంచి వినిపించింది. మంచినీళ్లు కావాలె. మొత్తం, మోహనలో. సులోచన చేతిలో పళ్లెం కింద పడేసింది. నేను చెంబు తీసుకుపోతే, ఏమీ జరగనట్టు నీళ్లు తాగి, చెంబు నా చేతికిచ్చాడు.

ఇప్పుడు అన్నం, ఉప్పు, దుప్పటి, అన్నీ పాడి అడుగుతున్నాడు. సులోచన కొత్త మాటలకు బాణీలు కడుతోంది. తన భూగోళం పాఠం కూడా పాటగా కట్టుకుంది. నదుల పేర్లు వరసగా పాడేస్తుంది. మధ్యలో ఒక నదిని పట్టుకుని ఇది ఎక్కడ పుట్టిందే అంటే మాత్రం, మొదటి నుంచి పాడుకుంటూ రావాలి. వాళ్ల టీచరు "పాట మంచిగున్నది, పాఠం సుత చదువు" అన్నదట.

పైకి ఇట్లా రాస్తున్నా, అలసిపోయాను అన్నా. ఈ ఇంట్లో ఒక్క మాట మాటలాగా లేదు. ఉప్పు కోసం రాగం తీయాలి. క్వార్టర్ల లైన్‌లో పిల్లలు ఈయన వెనక పాడుకుంటూ తిరుగుతున్నారు. పోశం బావ వచ్చి చూసి "మాటలు పోయినయనుకుంటే, ఇప్పుడు పిచ్చి సుత వట్టింది" అన్నాడు. సైరన్ మోగితే గేటుకు పోవడం మాత్రం మానలేదు. ఒంటరిగా వదల్లేను.

కావలసినవి అడుగుతున్నాడు కనుక ఆ మేరకు నయమే. నీ పన్ను ఎట్లా ఉంది? ఉప్పునీళ్లు పుక్కిలించు.

అనసూర్య


హైదరాబాదు,
14 మార్చి 1971

నా బంగారు చెల్లెకు,

నీ ఉత్తరం వదినకు గట్టిగా చదివి వినిపించాను. ఆమె కళ్లు తుడుచుకుంటూ మళ్లీ చదవమంది. బడిలో పిల్లలకు చెప్పాను. గుడిలో పూజారికి చెప్పాను. ఆ సాయంత్రం సేవలో మోహన ఎత్తుకుని ఎంతసేపు ఊదానో నాకే తెలియదు. పన్ను నొప్పి కూడా తెలియలేదు.

డాక్టరుగారు చాలా ఆశ్చర్యపోయాడు. ఏప్రిల్ నెలాఖరులో ఇక్కడ డాక్టర్ల సభ ఉందట. అందులో బావను చూపిస్తే ఇటువంటి రోగులు ఎందరికో మేలు జరుగుతుందన్నాడు. మీ ముగ్గురూ వస్తారని చెప్పేశాను. రామగుండంలో పొద్దుటి బండి ఎక్కితే నేను స్టేషన్‌కు వస్తాను.

ఇంకొక మంచి మాట. నీకు ముందే చెబితే వద్దంటావని చెప్పలేదు. మీ దగ్గర బావను పరీక్షించే డాక్టర్లకు నేనొక ఉత్తరం రాశాను. సంగీతం వల్ల సదయ్యకు మాట తిరిగి వచ్చిందని, తన అవసరాలన్నీ తానే చెప్పుకుంటున్నాడని, మనిషిని పనికిరాడని తేల్చవద్దని వేడుకున్నాను. మన డాక్టరుగారి చేత కూడా నాలుగు వాక్యాలు రాయించి జతచేశాను. పనికిరాడన్న మాట బావ చెవిన పడితే ఆయన గుండె పగులుతుంది. నువ్వు కూడా ఆయాగా పని చెయ్యవలసిన గతి తప్పుతుంది. బాపు బిడ్డవు, నువ్వు అట్లా కష్టపడడం నేను చూడలేను.

బావకు ఈసారి ఆనందభైరవి వినిపించు.

సంబరంలో ఉన్న
లింగమూర్తి


గోదావరిఖని,
22 ఏప్రిల్ 1971

లింగమూర్తి అన్నకు,

నీ ఉత్తరం ఏం చేసిందో తెలుసుకో.

మమ్మల్ని పిలిపించారు. బల్ల అవతల ముగ్గురు కూచున్నారు. ఒకాయన చేతిలో నువ్వు రాసిన కాగితం. "నీ పేరేందయ్యా?" అని అడిగాడు. ఈయన నోరు తెరిచాడు, మూశాడు. "అది" అన్నాడు. మళ్లీ అడిగాడు. అరచేత్తో నుదురు కొట్టుకోవడం మొదలుపెట్టాడు. "మీ అన్న రాసిండు గదమ్మా, మాట్లాడుతడని" అని ఆయన నా వంక చూశాడు.

నేను నోరు మూసుకుని ఉంటే పని అయిపోయేది. నౌకరీ నాకు వచ్చేది. సులోచన బడి సంగతి తరువాత చూసుకునేదాన్ని. కానీ ఈయన నన్ను చూశాడు అన్నా. నుదురు ఎర్రగా కందిపోయింది. అటువంటి చూపు చూస్తే ఎవరు ఊరుకుంటారు? నేనే పాట ఎత్తుకున్నాను. ఈయన అందుకున్నాడు. పేరు, తండ్రి పేరు, ఊరు, అన్నీ పాడాడు. ఒకరు నవ్వారు. ఇంకొకరు చప్పట్లు కొట్టారు. మంచివాళ్లే, కీడు తలచలేదు. "బాగైతున్నడు. బాయి పైన అల్కటి పని ఇచ్చి చూద్దాం" అన్నారు.

బరువు లేని పని అని ల్యాంపు రూంలో వేశారు. షిఫ్టుకు పోయేవాళ్లు బిళ్ల ఇచ్చి నంబరు చెబితే, ఆ నంబరు దీపం తీసి ఇవ్వాలి. నీకు తెలియదేమో, ఎవరు లోపలికి దిగారో, ఎవరు పైకి రాలేదో ఆ నంబరుతోనే తెలిసేది. అందరూ తొందరలో ఉంటారు. ఈయనకు ఒక నంబరు తలకెక్కేలోపు ఇంకొకరు ఇంకో నంబరు అరుస్తారు. ఒకరి దీపం ఇంకొకరికి ఇచ్చాడు. ఎవరో తిట్టారు. పాడి చెప్పబోయాడు. నవ్వారు. ఇద్దరు మారిన దీపాలతో దిగబోతే గేటు దగ్గర ఆపారట. ఆ మాట విన్నాక ఈయన బల్ల కింద దూరి కూచున్నాడు. మాట పోయింది గాని బాయి సంగతి మరిచిపోలేదు కదా. ఏం చేశాడో ఆయనకు తెలిసింది.

ఈయనతో పని చేసిన ఎల్లేశం చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు. "ఫికర్ చెయ్యకు వదినె. తప్పెవ్వలది గాదు. గా పని ఆయనకు గాదు, అంతే" అన్నాడు. అప్పటి నుంచి పంపడం లేదు.

అప్పటి నుంచి ఈయన పాడటం లేదు. ముష్తాక్ రేడియో పెడితే లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకుంటాడు. ఇప్పుడు నీళ్లు కూడా అడగడు. పెదవులు ఎండిపోయి ఉంటే నేనే చూసి ఇస్తున్నాను. ఎంత సంపాదించామో అంతా పోయింది.

ఆయా పని చేస్తే నీ పరువు పోతుందనుకున్నావు. నేను ఆ పని కోసమే కాచుకుని కూచున్నాను. నన్ను ఒక్క మాట అడిగావా? మీ బావను సభలో నిలబెట్టి పాడించాలనుకున్నావు. అక్కడా నవ్వేవాళ్లు ఉంటారు. మేము రాము.

కొన్నాళ్లు ఉత్తరం రాయకు. చదివే ఓపిక లేదు.

అనసూర్య


హైదరాబాదు,
6 మే 1971

అనసూర్యా,

రాయవద్దన్నావు. ఇది ఒక్కటీ రాస్తున్నాను. ఓపిక వచ్చినప్పుడే చదువు, జవాబు అడగను.

మీ దగ్గరి డాక్టర్లకు మళ్లీ రాశాను. నేను కళ్లతో చూడని సంగతి చూసినట్టు రాశానని, సదయ్య భార్య చెప్పేదే నిజమని రాశాను. ఇక్కడి డాక్టరుగారికి చెబితే ఆయన తల దించుకున్నాడు. "నేను సుత ఎగబడ్డ" అన్నాడు. సభ మాట ఎత్తలేదు.

పరువు కోసం కాదు చెల్లె. ఆయా పని తక్కువదని నేను అనుకోను. పీర్లు మోసేవాడి ముందూ, పెళ్లికొడుకు ముందూ సన్నాయి ఊదుకుంటూ నడిచినవాణ్ని, నాకు పరువేమిటి? పోయిన నెల ఆ పన్ను ఊడిపోయింది. సన్నాయి పీక మీద పెదవి నిలవడం లేదు, గాలి పోతోంది. గుడిలో వేరే మనిషిని పెట్టుకున్నారు. ఇరవై ఏళ్లు ఊదాను. ఎవరైనా విన్నారా అని వెనక్కి తిరిగి చూసుకుంటున్న రోజుల్లో నీ ఉత్తరం వచ్చింది. ఒక మనిషికి దీనివల్ల నీళ్లు అడగడం వచ్చిందని. ఆ మాట పట్టుకుని పరుగెత్తాను. మిగతా ఉత్తరం నేను చదవనే లేదు. నిన్న మళ్లీ తీసి చూస్తే, ఒంటరిగా వదల్లేనని రాసే ఉన్నావు.

ఒక్కటి చెప్పి ఆపుతాను. ఇక ఆయన చేత ఏదీ పాడించకు. ఏ మాటా నేర్పకు. ఆ మనిషికి పాట అంటే ఇష్టం, మనం దానికి పని అప్పజెప్పాం. బాపు కొడతాడన్న భయంతో నేర్చిన కీర్తనలు నేను సగం మరిచిపోయాను. బావ ఇష్టంతో విన్నాడు, అందుకే తల పగిలినా నిలిచాయి. రేడియో మోగితే మోగనీ. విననంటే బలవంతం చెయ్యకు.

లింగమూర్తి


గోదావరిఖని,
9 ఆగస్టు 1971

అన్నా,

నీ ఉత్తరం అప్పుడే చదివాను. జవాబు రాయడానికి వాన పడేదాకా పట్టింది. ఈ ఎండలకు బొగ్గు దుమ్ము, మనుషులు, అన్నీ ఒకే రంగులో ఉండేవి. ఇప్పుడు కాస్త ఊపిరి ఆడుతోంది.

పన్ను సంగతి చదివి ఆ రోజు నీమీద కోపం సగం పోయింది. మిగతా సగం ఎప్పుడు పోయిందో చూసుకోలేదు. వదినను అడిగానని చెప్పు. ఇప్పుడు ఇంట్లో నిన్ను భరించేది ఆమే కదా.

జూన్‌లో మళ్లీ పిలిచారు. ఈసారి ఏమీ పాడించలేదు. ఒక డాక్టరు ఈయన చెయ్యి పట్టుకుని మెల్లగా మాట్లాడి, నన్ను బయట కూచోమన్నాడు. పనికిరాడని రాశారు. ఆ మాట కోసమే ఇన్ని నెలలూ ఎదురు చూశాను. విన్నాక వరండాలో కూచుని ఏడ్చాను. గట్టయ్య కంగారుపడి "నౌకరొస్తే ఏడుస్తవేందక్కా" అన్నాడు. వచ్చే నెల మొదటి నుంచి ఆయాగా చేరాలి.

నువ్వు చెప్పినట్టు ఊరుకున్నాం. మే అంతా ఈయన గోడ వైపే తిరిగి ఉన్నాడు. వాన మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం సులోచన లెక్కలు చేసుకుంటూ రేడియోలో విన్న జంట స్వరాలు కూనిరాగం తీస్తోంది. ఒకచోట తప్పింది. లోపలి నుంచి "ఊఁహూఁ" అని వినిపించింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అది మళ్లీ పాడింది, మళ్లీ తప్పింది. ఈయన లేచి వచ్చి, దాని లెక్కల పుస్తకం మీద వేలితో తాళం వేసి, ఆ స్వరం సరిచేసి పాడి చూపించాడు. "బాపూ, ఇట్లనా?" అని అది అడిగితే తల ఊపాడు. అప్పటి నుంచి రోజూ బడి నుంచి రాగానే తండ్రి ముందు కూచుంటోంది. కావాలని తప్పులు పాడుతుందేమోనని నాకు అనుమానం. అడగలేదు.

తినడం గుర్తుండని మనిషికి, నిన్న సులోచన ఎక్కడ తప్పిందో గుర్తుంటుంది. సరిగ్గా అక్కడికి రాగానే జాగ్రత్త అన్నట్టు వేలు ఎత్తి చూపిస్తాడు. పిల్లకు కూడా ఏదో నిలకడ వచ్చింది. కూచున్నచోట కూచుని చదువుతోంది. అది పాట వల్లనో, తండ్రి పక్కన ఉన్నందువల్లనో నేను చెప్పలేను. నువ్వూ చెప్పకు.

సైరన్ సంగతి రాయాలి. అది మోగినప్పుడు ఒకరోజు ఇద్దరూ పాఠంలో ఉన్నారు. ఈయన లేవబోయాడు. సులోచనకు ఏం తోచిందో, ఆ సైరన్ మోతనే శ్రుతిగా పట్టుకుని "స" అని అందుకుంది. ఈయన ఆగి విన్నాడు. తానూ కలిశాడు. సైరన్ ఆగినా వాళ్ల "స" ఆగలేదు. గేటుకు పోలేదు. మరునాడు మళ్లీ చెప్పులు వేసుకున్నాడు, పిల్ల మళ్లీ అందుకుంది. ఇప్పుడు పిల్ల లేకున్నా, సైరన్ మోగితే వాకిట్లో కూచుని దానితో శ్రుతి కలుపుతున్నాడు. ముష్తాక్ "గింత పెద్ద శ్రుతిపెట్టె హైదరాబాదుల సుత లేదు భాభీ" అని నవ్వుతాడు.

సులోచన బడి మానదు. నేను డ్యూటీలో ఉన్నప్పుడు పొయ్యి చల్లార్చి పోతాను, రబియా బీ గోడ మీదుగా చూస్తానన్నది. పోశం బావకు ఈ ముక్కే చెప్పించాను. ఆయన ఏమీ అనలేదట, అంటే ఇంకా ఏదో అంటాడన్న మాట.

అనసూర్య


హైదరాబాదు,
21 ఆగస్టు 1971

చెల్లె,

నీ అక్షరాలు కవరు మీద చూసి చాలాసేపు విప్పలేదు. వదిన లాక్కుని విప్పింది.

ఉత్తరం ఎవరికీ చదివి వినిపించలేదు. డాక్టరుగారు గేటు దగ్గర కనబడి అడిగాడు. వాళ్లు బాగానే ఉన్నారు అన్నాను. ఆయన మాట మార్చి, తన బిడ్డ శ్రుతి తప్పుతోందా అని అడిగాడు. తప్పుతోందన్నాను.

ఇప్పుడు బడిలో పిల్లలకు నోటిపాఠమే చెబుతున్నాను. పన్ను లేక "స" చెబితే "శ" అవుతోంది, పిల్లలు నవ్వుతున్నారు. నవ్వనీ. మొదటి నెల వాళ్ల చేత ఏదీ పాడించడం లేదు, కూచోబెట్టి వినిపిస్తున్నాను. ఇద్దరు మానేశారు. మిగిలినవాళ్లు వస్తున్నారు.

ఒక్కటి అడగవచ్చా? బావకు ఉత్తి మాటలు, అంటే పాట లేని మాటలు, ఏమైనా వచ్చాయా? రాకపోయినా ఫరవాలేదు. బావమరిదిగా అడుగుతున్నాను, ఇంకెందుకూ కాదు. సులోచనకు చెప్పు, జంట స్వరాల తరువాత తొందరపడి కీర్తనలకు పోవద్దని.

లింగమూర్తి


గోదావరిఖని,
17 ఫిబ్రవరి 1972

అన్నా,

ఆర్నెల్ల తరువాత రాస్తున్నాను. డ్యూటీ నుంచి వచ్చాక పెన్ను పట్టుకుంటే పెన్ను చేతిలోనే ఉండి నిద్ర వస్తోంది.

పని నేర్చుకున్నాను. వార్డులో మంచాలు తుడవడం, దుప్పట్లు మార్చడం, లేవలేనివాళ్లను లేపి కూచోబెట్టడం. బాయిలో దెబ్బ తగిలి వచ్చినవాళ్లే ఎక్కువ. వాళ్ల పెండ్లాలు కాళ్ల దగ్గర కూచుని నన్ను చూస్తారు. "తక్లీఫైతది, తర్వాత అలవాటైతది" అని చెబుతాను. అబద్ధం కాదు. కాళ్లు మాత్రం సాయంత్రానికి నావి కావు.

నువ్వు అడిగిన దానికి జవాబు లేక కూడా ఇన్నాళ్లు రాయలేదు. ఉత్తి మాటలు రాలేదు అన్నా. పాటలో పెడితే కొన్ని వస్తాయి, కొన్ని రావు. వచ్చినవి కూడా కొన్ని మళ్లీ పోయాయి. పొద్దున నేను డ్యూటీకి పోయేటప్పుడు ఎక్కడికి పోతున్నానో చెప్పి పోతాను, సాయంత్రం వచ్చేసరికి అలిగి ఉంటాడు, చెప్పకుండా పోయాననుకుని. రోజూ చెబుతాను, రోజూ అలుగుతాడు. కానీ రేడియోలో పాట నేర్పే కార్యక్రమంలో వచ్చిన కొత్త వర్ణం సులోచన కంటే ముందు ఈయనకే వచ్చింది. దెబ్బ తగిలాక నేర్చిన మొదటి కొత్త సంగతి అదే. పాడుతున్నప్పుడు ఆయన ముఖంలో వెతుకులాట ఉండదు. అది చూడటానికే నేను తొందరగా నడిచి వస్తాను. అది మందో కాదో నాకిప్పుడు అక్కరలేదు. ఒక పూటలో ఆ కాసేపు ఆయన ఎవరినీ "అది" అనవలసిన పని లేదు.

సులోచన అర్ధసంవత్సరం పరీక్షలో తెలుగులో, సోషల్‌లో పైకి వచ్చింది. లెక్కల్లో అంతంతమాత్రం. పోశం బావ దాని మార్కులు అడిగి తెలుసుకుని, "గదంతా ఎందుకు" అంటూనే ఒక పెన్ను ఇచ్చి పోయాడు.

నిన్నటి సంగతి చెప్పి ముగిస్తాను. వార్డులో ముగ్గురు ఒకేసారి వచ్చారు. వాళ్లలో ఒక చిన్నవాడు నా చేతులు పట్టుకుని వదలలేదు. ఇంటికి వచ్చేసరికి పొద్దు గూకుతోంది. సులోచన రబియా బీ ఇంట్లో ఉంది. ఈయన వాకిట్లో బకెట్ ముందు కూచుని ఉన్నాడు. రోజూ నేను రాగానే ఏదో ఒకటి ఎత్తుకుంటాడు, నేను కలపాలి. నిన్న నాకు గొంతు లేవలేదు. గడప మీద కూలబడి, "ఇయ్యాల నాతోని కాదు. పాట లేదు, ఏం లేదు" అన్నాను. అర్థం కాదనే అన్నాను. నాలో నేనే అనుకున్నట్టు.

ఆయన బకెట్ పక్కకు పెట్టాడు. లేచి వచ్చి నా చేతిలో సంచి తీసుకున్నాడు. చాప తెచ్చి పరిచాడు. అటూ ఇటూ చూసి, మళ్లీ లోపలికి పోయి దిండు తెచ్చాడు. అప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, "పండుకో" అన్నాడు.

రాగం లేదు, తాళం లేదు. ఇంటి మనిషి ఇంటి మనిషితో అన్నట్టు అన్నాడు. ఆ మాటకు ఉలిక్కిపడాలనీ, పిల్లను పిలవాలనీ, మళ్లీ అనమని అడగాలనీ నాకు తోచనే లేదు. అంత అలసట. చెప్పినట్టే పడుకున్నాను. తెల్లవారి రేడియో మోగుతుంటే లేచి, పొయ్యి వెలిగిస్తుండగా, ఆయన ఏమన్నాడో అప్పుడు గుర్తొచ్చింది.

నీ చెల్లె
అనసూర్య